తెల్లబట్ట జబ్బు పేరు కాదు

మా అక్కకి 34వ ఏట గర్భసంచి తీసేశారు. కేన్సర్ లేదు, గడ్డలు లేవు, నెలసరి కూడా సక్రమంగానే వచ్చేది. రెండేళ్లుగా తెల్లబట్ట అవుతోందని, వాసన వస్తోందని, నడుము లాగుతోందని చెప్పేది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు అయ్యాయి. మెడికల్ షాపు మాత్రలు అయ్యాయి. ఎవరో ఇచ్చిన వేరు పసరు కూడా అయింది. చివరికి టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్తే స్కానింగ్ తీసి, "గర్భసంచి వాచింది, మూతి దగ్గర పుండు పడింది, ఉంచుకుంటే రేపు కేన్సర్‌లోకి దింపుతుంది, ఎలాగూ ఇద్దరు పిల్లలు ఉన్నారు కదా" అన్నారట. కేన్సర్ అనే మాట విన్నాక ఇంక ఎవరికి ఆలోచించే ధైర్యం ఉంటుంది? బావ మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చి ఆపరేషన్ చేయించాడు.

నేనప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. డిశ్చార్జి రోజు ఆ ఫైలు నా చేతికొచ్చింది. మంచం పక్కన కూర్చుని కాగితం కాగితం చదివాను. హిమోగ్లోబిన్ ఉంది, బ్లడ్ గ్రూపు ఉంది, షుగర్, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, రెండు స్కానింగులు ఉన్నాయి. ఏ తెల్లబట్ట కోసమైతే తను రెండేళ్లు తిరిగిందో, అదేమిటో తెలుసుకోవడానికి చేసిన పరీక్ష ఆ ఫైల్లో ఒక్కటీ లేదు. దాన్ని ఎవరూ గాజు పలక మీద పెట్టి చూడలేదు.

ఇది జరిగి 16 ఏళ్లు దాటింది. అప్పటినుంచి నా పని మైక్రోస్కోపు ముందే. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. తెల్లబట్ట అనేది బాధ పేరు, జబ్బు పేరు కాదు. చూడకుండా, పరీక్ష చేయకుండా దానికి మందు రాయడం కళ్లు మూసుకుని రాయి విసరడమే. తగిలితే తగిలింది, లేకపోతే లేదు. ఆ రాయి తగిలేది మాత్రం ఎప్పుడూ ఆడవాళ్లకే.

జ్వరం సంగతి చూడండి. ఇరవై ఏళ్ల కిందట జ్వరమంటే ఒకే జబ్బు, ఒకే సూది. ఇప్పుడు మా ఊరి రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన కూడా "డెంగీ టెస్ట్ చేయించారా, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి" అని అడుగుతాడు. మలేరియా వేరు, టైఫాయిడ్ వేరు, డెంగీ వేరు అని జనానికి తెలిసిపోయింది. తెల్లబట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అదే పాత కాలంలో ఉన్నాం. "వైట్ అవుతోంది" అని గొంతు తగ్గించి చెప్తే, అవతలి వాళ్లూ అంతే గొంతు తగ్గించి నాలుగు మాత్రలు రాసిస్తారు.

ముందుగా అందరికీ తెలియాల్సిన మాట ఒకటి. కొంత తడి, కొంత స్రావం ఉండటం ఆరోగ్యమే. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. 1892లో డోడర్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు దాని గురించి వివరంగా రాశాడు. పాలు తోడుకుని పెరుగైనప్పుడు పుట్టే లాక్టిక్ ఆమ్లాన్నే ఇవి కూడా తయారుచేస్తాయి. ఆ పులుపు వల్ల అక్కడ పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, ఎంత తగ్గితే అంత పులుపు) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, చెడ్డ సూక్ష్మజీవులు తలెత్తవు. నెలసరికి, నెలసరికి మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో స్రావం గుడ్డులో తెల్లసొనలా సాగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. బట్ట మీద ఆరితే లేత పసుపు మరక కనిపిస్తుంది. దురద, మంట, చెడువాసన, రంగు మార్పు లేకపోతే దానికి మందు అక్కర్లేదు. దాన్ని లోపలికంటా సబ్బుతోనో, ఘాటైన వాసన వచ్చే వాష్‌తోనో కడిగితే కాపలా ఉన్న బ్యాక్టీరియాను మన చేత్తో మనమే తరిమేసినట్టు. బయట మామూలు నీళ్లు చాలు, లోపల ఏమీ అక్కర్లేదు.

ఇక జబ్బు సంగతి. ఆ పలక మీద నేనేం చూస్తానో చెప్తాను, ఎందుకంటే చాలామంది డాక్టర్లు కూడా దీన్ని స్వయంగా చూసి ఏళ్లయింది.

డాక్టరమ్మ స్పెక్యులమ్ అనే లోపల చూసే పరికరం పెట్టి యోని గోడ నుంచి దూది పుల్లతో స్రావం తీస్తుంది. ముందు దాన్ని పీహెచ్ కాగితానికి అద్దుతాం. రంగు ఎంత మారిందో డబ్బా మీది పట్టీతో పోల్చి చూడటమే. 4.5 దాటితే అనుమానించాలి. తర్వాత పలక మీద ఒక చుక్క సెలైన్, అందులో ఆ స్రావం, పైన పల్చటి కవర్ స్లిప్. ఇంకో పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క. అది పడగానే గుప్పున ఎండుచేపల వాసన వస్తే సగం జవాబు దొరికినట్టే. మైక్రోస్కోపు కండెన్సర్ కాస్త దించి, వెలుగు తగ్గించి చూడాలి. మొత్తం అయిదు, ఆరు నిమిషాల పని.

ఆరోగ్యంగా ఉన్న యోని కణం పచ్చి అప్పడంలా పల్చగా, అంచు గీసినట్టుగా కనిపిస్తుంది. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో ఆ అప్పడం కాస్తా అరిసె అయిపోతుంది. ఒళ్లంతా నువ్వులు అద్దినట్టు బ్యాక్టీరియా అంటుకుని, అంచు ఎక్కడుందో తెలియదు. వీటినే క్లూ సెల్స్ అంటారు. పల్చటి బూడిదరంగు స్రావం, పీహెచ్ 4.5 పైన, ఆ చేపల వాసన, ఈ క్లూ సెల్స్, ఈ నాలుగింట్లో మూడు ఉంటే జబ్బు ఇదేనని 1983లో ఆమ్సెల్ బృందం సూత్రం పెట్టింది. నలభై ఏళ్లు దాటినా అదే నడుస్తోంది. ఈ జబ్బుకి కారణం ఒక్క క్రిమి కాదు. మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి వేరే రకాలు కలిసికట్టుగా పెరగడం. తమాషా ఏమిటంటే ఇందులో దురద పెద్దగా ఉండదు. వాసనే బాధ. కలయిక తర్వాత, నెలసరి తర్వాత వాసన ఎక్కువవుతుంది, ఎందుకంటే వీర్యానికీ రక్తానికీ క్షారగుణం ఉంది.

ఫంగస్, అంటే క్యాండిడా, దీనికి పూర్తిగా వేరు. విరిగిన పాలలా ముద్దలు ముద్దలుగా, వాసన లేకుండా, భరించలేని దురదతో వస్తుంది. పీహెచ్ మామూలుగానే ఉంటుంది. పలక మీద కొమ్మలు, కొమ్మలకు మొగ్గలు తొడిగినట్టు కనిపిస్తుంది. ఇది మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష తప్పనిసరి. ఈ మధ్య ఇంకో సంగతి గమనిస్తున్నాను. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మందులు ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. మంచి మందులే, గుండెకీ కిడ్నీకీ మేలు చేస్తాయి. అవి చక్కెరను మూత్రంలోంచి బయటికి పంపుతాయి కాబట్టి కింద ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. యాభై ఏళ్ల ఆవిడ వచ్చి, "ఈ వయసులో నాకిదేం రోగం మేడమ్, పిల్లలకి ఎలా చెప్పుకోను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆవిడ మందుల చీటీ చూస్తే అందులో ఉంది కారణం. షుగర్ డాక్టరు మందు రాసినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడకి ఆ నెల రోజుల నరకం ఉండేది కాదు.

మూడోది ట్రైకోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి. 1836లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డొన్నే అనే వైద్యుడు మైక్రోస్కోపు కింద దీన్ని మొదటిసారి చూశాడు. చూసినవాళ్లు మర్చిపోలేరు. వేపగింజ ఆకారంలో, తెల్లరక్తకణం కంటే కాస్త పెద్దగా, సన్నటి తోకలు కొట్టుకుంటూ కుదుపులు కుదుపులుగా ఈదుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు పక్కన ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించాను. ఇది కచ్చితంగా సుఖవ్యాధే, కలయిక ద్వారా వచ్చేదే. పచ్చటి నురగలాంటి స్రావం అని పుస్తకాల్లో రాస్తారు గానీ చాలామందిలో అలా ఏమీ ఉండదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ జీవి శాంపిల్ చల్లబడితే కదలడం మానేస్తుంది. కదలకపోతే తెల్లరక్తకణానికీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. అందుకే తీసిన నిమిషాల్లో చూడాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మేమున్న ల్యాబ్‌కి చుట్టుపక్కల క్లినిక్‌ల నుంచి శాంపిళ్లు బండి మీద వచ్చేవి. గంట, గంటన్నర పట్టేది. నేను చూసి "ట్రైకోమోనాస్ కనపడలేదు" అని టైపు చేసి పంపేదాన్ని. అలా ఎన్ని రిపోర్టులు పంపానో. తాజా శాంపిల్లోనే ఈ పరీక్ష సగానికి అటూ ఇటూగా కేసుల్ని పట్టుకుంటుంది. గంట ఆలస్యమైన శాంపిల్ మీద నేను రాసిన ఆ మాటకి విలువేముంది? ఇప్పుడైతే "శాంపిల్ ఆలస్యంగా అందింది, తాజా శాంపిల్ పంపండి" అని రాస్తున్నాను. క్లినిక్ వాళ్లకి కోపం వస్తుంది. రానివ్వండి.

"లక్షణం చూస్తే మాకు తెలిసిపోతుందండీ, ఇన్నేళ్ల అనుభవం" అని ఒక పెద్ద డాక్టరు నాతో అన్నారు. అనుభవాన్ని కాదనను. కానీ అమెరికాలో అట్లాంటాలో, ఫంగస్ ఇన్ఫెక్షనే అనుకుని షాపులో మందు కొంటున్న 95 మంది ఆడవాళ్లను పరీక్ష చేస్తే నిజంగా ఒక్క ఫంగసే ఉన్నది మూడోవంతు మందికే. ఆ అధ్యయనం 2002లో అచ్చయింది. తమ ఒంటి సంగతి తమకే అంత పొరపాటుగా తెలిస్తే, టేబుల్‌కి అవతల కూర్చుని ఒక్క మాట విని చెప్పేవాళ్లకి ఎంత తెలుస్తుంది?

మన మెడికల్ షాపుల్లో నాలుగు మాత్రల కిట్ ఒకటి దొరుకుతుంది. చీటీ అక్కర్లేదు. భర్త వెళ్లి, "మా ఆవిడకి వైట్ ప్రాబ్లం" అంటే చాలు, కాగితంలో చుట్టి ఇస్తారు. అందులో అజిత్రోమైసిన్, సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ ఉంటాయి. ఒకటి ఒక రకం బ్యాక్టీరియాకి, ఒకటి ట్రైకోమోనాస్‌కి, వెజైనోసిస్‌కి, ఒకటి ఫంగస్‌కి. ఏ పుట్టలో ఏ పాముందో అని అన్ని పుట్టల్లోనూ చెయ్యి పెట్టడం. అసలు జబ్బే లేని మనిషి మింగితే మంచి బ్యాక్టీరియా చచ్చి లేని ఫంగస్ రావచ్చు. గనేరియా అనే సుఖవ్యాధి ఉన్న మనిషి మింగితే అజిత్రోమైసిన్ ఒక్కటే దాన్ని నమ్మకంగా తగ్గించలేదు. కాస్త సద్దుమణిగి లోపల్లోపల కొనసాగుతుంది. పైగా క్రిమికి ఆ మందు అలవాటవుతుంది. రెండు నెలలకి బాధ తిరిగొస్తే "కిట్ పని చేయలేదు" అని ఇంకో కంపెనీ కిట్ తెచ్చుకుంటారు.

ప్రభుత్వం వైపు కూడా కిట్లున్నాయి, కానీ రెంటినీ ఒకే గాటన కట్టను. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్లవి ఏడు రంగుల్లో ఉంటాయి. యోని స్రావానికి ఆకుపచ్చ, గర్భసంచి మూతి ఇన్ఫెక్షన్‌కి బూడిదరంగు, పొత్తికడుపు నొప్పికి పసుపు, ఇలా. ల్యాబ్ లేని పల్లెలో లక్షణాన్ని బట్టి వెంటనే వైద్యం మొదలుపెట్టి, మనిషి మళ్లీ రాకుండా పోయే ప్రమాదాన్ని తప్పించాలనేది దాని వెనకున్న ఆలోచన. మగవాళ్లలో మూత్రనాళం నుంచి చీము కారినప్పుడు, పుండు కనిపించినప్పుడు ఆ పద్ధతి బాగానే పని చేసింది.    

ఆడవాళ్ల తెల్లబట్ట దగ్గరే ఆ పద్ధతి తడబడింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం దాదాపు 2,500 మంది స్త్రీలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించింది. స్రావం ఎక్కువైందని చెప్పినవాళ్లు 14.5 శాతం. ఆ బాధకీ క్లమీడియా, గనేరియా లాంటి సుఖవ్యాధులకీ పెద్దగా పొంతన లేదు. మనసులో దిగులు, ఇంట్లో బాధలు ఉన్నవాళ్లలో ఆ ఫిర్యాదు ఎక్కువగా ఉంది. ఎందుకొచ్చిందనుకుంటున్నారని అడిగితే మూడోవంతు పైగా "వేడి" అన్నారట. చదివి ఆశ్చర్యపోయాను. మన ఊళ్లో "వేడి చేసింది" అనే మాటే అక్కడా ఉంది. అంటే తెల్లబట్ట అని చెప్పే మనిషికి ఒక్కోసారి మాత్ర కాదు, కూర్చోబెట్టి "ఇంట్లో ఎలా ఉంది అమ్మా" అని అడిగేవాళ్లు కావాలి. పరీక్ష చేస్తేనే ఆ సంగతి కూడా తేలేది. పలక శుభ్రంగా ఉంటే అప్పుడు మిగతా బాధ వైపు చూడొచ్చు.

రెండో వైపు ఇంకా ప్రమాదం. నిజంగా భయపడాల్సిన క్లమీడియా ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. అది మెల్లగా పైకి పాకి ట్యూబులు పాడుచేస్తుంది. తర్వాత పిల్లలు పుట్టకపోవడం, ట్యూబులో గర్భం రావడం. గనేరియాలోనూ మగవాళ్లకి చీము కారి రెండు నుంచి ఏడు రోజుల్లో తెలిసిపోతుంది, ఆడవాళ్లకి చాలాసార్లు తెలియదు. మా ల్యాబ్ సంగతే తీసుకోండి. మగమనిషి చీము పలకకి గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేస్తే చీము కణాల లోపల గులాబీరంగు జంట చుక్కలు కనిపిస్తాయి, ఇంక సందేహం ఉండదు. అదే పరీక్ష ఆడవాళ్ల గర్భసంచి మూతి శాంపిల్‌కి చేస్తే దాదాపు సగం కేసులు తప్పిపోతాయి. ఒకే క్రిమి, ఒకే రంగు, అయినా ఆడవాళ్లకి పరీక్ష కూడా అన్యాయమే చేస్తుంది. వాళ్లకి కావాల్సింది క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ తరహా పరీక్ష. ఖర్చు ఎక్కువే. కానీ అందులో ఒక వెసులుబాటుంది. దానికి శాంపిల్ తనే బాత్రూంలోకి వెళ్లి దూది పుల్లతో తీసుకోవచ్చు. డాక్టరు తీసిన శాంపిల్‌తో సమానంగా పని చేస్తుంది. సిగ్గుపడి వెనక్కి తిరిగి వెళ్లిపోయే మన అమ్మాయిలకి ఈ మాట ఎంత ఉపయోగమో, ఎవరూ చెప్పరు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వీలున్నచోట లక్షణాల మీద కాకుండా ఇలాంటి పరీక్షల మీద ఆధారపడమని మార్గదర్శకాలిచ్చింది.

పరీక్ష చేయడం ఒక ఎత్తు, దాన్ని చదవడం ఇంకో ఎత్తు. ఏడో నెల గర్భిణి ఒకమ్మాయి అత్తగారితో వచ్చింది. మామూలుగా గర్భిణులందరికీ సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం చేసే వీడీఆర్‌ఎల్ రక్తపరీక్ష చేశాం. రియాక్టివ్, 1:2. నేనప్పుడు పని చేసే చోట కౌంటర్లో కూర్చునే అబ్బాయి రిపోర్టు పట్టుకుని గట్టిగా, "వీడీఆర్‌ఎల్ రియాక్టివ్ ఎవరండీ" అని పిలిచాడు. పక్క బెంచీలో ఎవరో "అంటే సుఖరోగం" అన్నారు. అత్తగారు లేచి బయటికి నడిచింది. ఆ అమ్మాయి రిపోర్టు కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ అలాగే కూర్చుంది. నేను దగ్గరికెళ్లి, "ఇది పక్కా కాదమ్మా, ఇంకో పరీక్ష ఉంది, టీపీహెచ్‌ఏ అని, అది చేస్తేనే తెలుస్తుంది" అని చెప్పాను. మూడు రోజుల తర్వాత వాళ్ల నాన్నతో వచ్చింది, పుట్టింటి నుంచి. టీపీహెచ్‌ఏ నెగెటివ్. గర్భంలో, లూపస్ లాంటి కొన్ని జబ్బుల్లో వీడీఆర్‌ఎల్ తక్కువ స్థాయిలో ఉత్తుత్తిగా రియాక్టివ్ రావచ్చు. ఆ సంగతి ల్యాబ్‌లో ఉన్న అందరికీ తెలుసు, చెప్పాల్సినవాళ్లకి తప్ప. ఒకవేళ నిజంగా సిఫిలిస్ అయినా, తల్లికి సమయానికి బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డని కాపాడుకోవచ్చు. అంత తేలిగ్గా నయమయ్యే జబ్బు పేరు చెప్పి ఒక అమ్మాయిని నడివీధిలో నిలబెట్టాం. ఆ రోజు నుంచి నా చేతి మీదుగా వెళ్లే ఇలాంటి రిపోర్టు మూసిన కవర్లోనే వెళ్తుంది, డాక్టరు చేతికే వెళ్తుంది.

ఇలాంటిదే టార్చ్ ప్యానెల్, అంటే కడుపులో బిడ్డకి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చేసే రక్తపరీక్షల కట్ట. గర్భం పోయిన ప్రతి అమ్మాయికీ రాసేస్తున్నారు. అందులో హెర్పిస్ (పొక్కులు తెచ్చే వైరస్) ఐజీఎమ్ యాంటీబాడీ పాజిటివ్ అని వస్తే ఇంట్లో యుద్ధం. ఆ ఐజీఎమ్ పరీక్ష హెర్పిస్ నిర్ధారణకి నమ్మదగింది కాదు. పెదవి మీద పొక్కులు వచ్చే రకం చిన్నప్పుడే చాలామందికి సోకి ఉంటుంది. హెర్పిస్ అని చెప్పాలంటే పొక్కు ఉన్నప్పుడు దాని నుంచి శాంపిల్ తీయాలి.

పెళ్లయిన ఆడవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "నేను అలాంటిదాన్ని కాదు కదా మేడమ్, నాకెలా వచ్చింది?" ఫంగస్, వెజైనోసిస్ అయితే అవి సుఖవ్యాధుల లెక్కలోకి రావని చెప్తాను, మొహంలో వెలుగొస్తుంది. ట్రైకోమోనాస్ అయితే భర్తకి కూడా వైద్యం కావాలని చెప్పాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. అది ఎవరి నుంచి, ఎప్పుడు వచ్చిందో పలక చెప్పదు. నెలల తరబడి లక్షణం లేకుండా ఉండగలదు, మగవాళ్లలో అయితే చాలాసార్లు అసలు తెలియదు. అందుకే దాన్ని పట్టుకుని కాపురంలో తీర్పులు చెప్పొద్దని బతిమాలుతాను. ఇంతకాలం వెజైనోసిస్‌లో భర్తకి మందు అక్కర్లేదనేవాళ్లం. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు వేరే ఫలితం చూపించారు. భార్యతో పాటు భర్తకీ వారం పాటు మాత్రలు, పూత మందు ఇస్తే 12 వారాల్లో జబ్బు తిరగబెట్టింది 35 శాతం మందికే. భార్యకి మాత్రమే ఇచ్చిన జంటల్లో 63 శాతం. మళ్లీ మళ్లీ వస్తోందని ఏళ్ల తరబడి ఒక్కతే మాత్రలు మింగిన ఆడవాళ్లందరూ నాకు గుర్తొచ్చారు.

మన పక్కనే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది, ప్రాణహిత దాటితే సిరొంచ, అక్కడ తెలుగు వినిపిస్తుంది. డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ ఆ జిల్లాలో రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా పరీక్షో వైద్యమో అందింది 8 శాతానికే. వాళ్లు దాచుకోవడం కాదు, వాళ్లని అడిగినవాళ్లు లేరు.

అడగని చోట ఏం జరుగుతుందో మన రెండు రాష్ట్రాల లెక్కలే చెప్తాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ ఆపరేషన్లన్నీ అనవసరమని అనను. గడ్డలు, ఆగని రక్తస్రావం ఉంటే అవసరమే. కానీ "మూతి దగ్గర పుండు" అని అక్కతో అన్నారే, దాని గురించి చదువుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. గర్భసంచి మూతి లోపలి పొర కాస్త బయటికి తిరిగి ఎర్రగా కనిపిస్తుంది. వయసులో ఉన్న ఆడవాళ్లలో, గర్భంలో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో మామూలుగా ఉండేదే. కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారేదీ కాదు. కేన్సర్ భయం ఉంటే దానికి మూతి దగ్గరి కణాలు తీసి చూసే పాప్ స్మియర్ ఉంది, ఆ కేన్సర్ తెచ్చే వైరస్‌ని వెతికే హెచ్‌పీవీ పరీక్ష ఉంది. ఆ రెండూ కూడా అక్క ఫైల్లో లేవు.

"ఓపీలో వందమంది ఉంటారు, అందరికీ స్పెక్యులమ్ ఎక్కడ పెడతాం" అంటారు డాక్టర్లు. వాళ్ల కష్టం నాకు తెలుసు, నేనూ ఆ రద్దీలోనే ఉన్నాను. అయినా ప్రభుత్వ ఆకుపచ్చ కిట్ ఇచ్చే ముందు కూడా లోపల చూడాలనే రూల్స్‌లో ఉంది. పీహెచ్ కాగితం ఖరీదు ఒక టీ కన్నా తక్కువ. పలక, సెలైన్, మైక్రోస్కోపు చాలా పీహెచ్‌సీల్లో కఫం చూడ్డానికి ఉన్నవే. లేనిది అడిగే మనిషి. అందుకే అడగమంటున్నాను. "లోపల చూసి, స్లైడ్ చేసి చెప్పండి డాక్టర్" అనండి. మగడాక్టరు దగ్గర ఇబ్బందైతే లేడీ డాక్టర్ని, నర్సుని పిలవమని అడిగే హక్కు ఉంది. జిల్లా ఆస్పత్రుల్లో ఇలాంటి జబ్బులు చూసే సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి, ఉచితం. ఫోన్లోనే అడగాలంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి చేయొచ్చు. జ్వరంతో పొత్తికడుపు నొప్పి, కలయిక తర్వాత రక్తం, నెలసరి ఆగిపోయిన తర్వాత రక్తం, నొప్పి లేని పుండు, ఇవి ఉంటే మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

పోయిన నెల మా అక్క కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "పిన్నీ, ఒకటి అడగనా, అమ్మతో చెప్పకు" అంది. వాసన వస్తోందట, రూమ్మేట్ నాలుగు మాత్రల కిట్ తెచ్చి పెట్టిందట. దాన్ని పక్కన పెట్టించి డాక్టరమ్మ దగ్గరికి పంపాను. సాయంత్రం రిపోర్టు ఫోటో పంపింది. పీహెచ్ 5.0, క్లూ సెల్స్ ఉన్నాయి. ఏడు రోజుల మాత్రలు. పదో రోజుకి తగ్గింది.

తనే వాళ్లమ్మకి చెప్పేసింది చివరికి. ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది. చాలాసేపు వేరే మాటలు మాట్లాడింది, పొలం గురించి, బావ మోకాలి నొప్పి గురించి. తర్వాత అడిగింది. "అప్పట్లో నాకూ ఇదేనంటావా?"

"తెలీదక్కా," అన్నాను. "ఎవరూ చూడలేదు కదా."